అంచు వరస చెట్లు

“ఆ నోట్‌బుక్ ఇలా ఇచ్చెయ్ భావనా,” అన్నాడు కేదార్. పొద్దుట్నుంచి అడగడం ఇది మూడోసారి.

భావన ఇవ్వలేదు సరికదా, ఒళ్ళో ఉన్న హ్యాండ్‌బ్యాగు మీద నుంచి చెయ్యి కూడా తియ్యలేదు. పడగ్గది తలుపు అవతల అత్తగారు వరలక్ష్మి ఎదురు ఫ్లాటు వాళ్ళని అడిగి తెచ్చిన ప్లాస్టిక్ కుర్చీలు వరసగా వేస్తోంది. నాలుగింటికి మనుషులొస్తారు. ఇప్పుడు మూడయింది.

“ఇస్తే ఏం చేస్తావు?”

“బీరువాలో పెడతాను. ఇవాళ ఒక్కరోజు అది బయటికి రాకూడదు.”

“ఇవాళే కదా అది బయటికి రావాల్సింది?”

కేదార్ విసురుగా మంచం మీద కూలబడ్డాడు. మైత్రీవనం కోచింగ్ సెంటర్లో రోజుకి మూడు బ్యాచ్‌లకి జావా చెప్పే మనిషి. ఒకసారి చెబితే ఎక్కకపోతే రెండోసారి గొంతు పెంచి చెప్పడం అలవాటైపోయింది. కానీ పంజగుట్ట అపార్ట్‌మెంట్లలో గోడలు ఎంత పల్చగా ఉంటాయో అతనికి తెలుసు. అందుకే పళ్ళ బిగువున మాట్లాడుతున్నాడు.

“ఆఫీసులో ఊళ్ళోవాళ్ళ ప్రోగ్రాముల్లో తప్పులు వెతకడం నీ ఉద్యోగం. ఇంట్లో కూడా అదే పనా?”

“ఇంట్లో వెతకక్కర్లేదు, ఎదురుగానే ఉంది. ముప్ఫై చెట్లు కొలిచి, సగటు తీసి, రెండు వేల నాలుగు వందలతో గుణించావు. అది లెక్కా?”

“ఎక్కడపడితే అక్కడ కొలిచాను. శాంపిల్ అంటే అదే.”

“బూట్లకి మట్టంటకుండా కొలిచావు. కంచె పక్కన బాట మీద నిలబడి, చెయ్యి అందిన చెట్లు కొలిచావు.”

కేదార్ మొహం తిప్పుకున్నాడు. అది నిజం కాబట్టి కోపం ఇంకాస్త పెరిగింది.

నర్సాపూర్ అడవిని ఆనుకుని మూడెకరాల టేకు తోట అది. సరైన దారి లేదు కాబట్టి ప్లాట్లవాళ్ళ కళ్ళు కూడా ఇంకా దాని మీద పడలేదు. తొంభై మూడులో, ఎర్రమంజిల్‌లో ఓ ఆఫీసులో హెడ్ డ్రాఫ్ట్స్‌మన్‌గా ఉన్న మావగారు హనుమత్ప్రసాద్ తోటి ఉద్యోగులు పదిమందిని కూడగట్టి వేయించాడు. ప్రతి మొక్కకీ ఒక నంబరు, ప్రతి నంబరుకీ ఒక యజమాని. ఆఫీసు వాళ్ళవి తలా రెండు వందల పదహారు. కావలి కాసే రాజమ్మవి నలభై. మిగిలిన రెండు వందలూ ఈ ఇంటివి. ఎవరి చెట్టు మీద వచ్చేది వాళ్ళది. పన్నెండు మందీ సంతకం పెడితే తప్ప గొడ్డలి పడకూడదని స్టాంపు కాగితం మీద రాసుకున్నారు.

ఇవాళ ఆ సంతకాల కోసమే వస్తున్నారు. చెట్టుకి రెండు వేల లాభమని కేదార్ లెక్క వేసి అందరికీ మెయిల్ పెట్టాడు. ఆ మెయిల్ చూసి పదిమంది రిటైర్డు ఉద్యోగులూ వయసులో పదేళ్ళు వెనక్కి వెళ్ళిపోయారు.

భావనకి ఎందుకో ఆ లెక్క మింగుడుపడలేదు. రెండు శనాదివారాలు తోటకి వెళ్ళి, టేపు ఒక కొస రాజమ్మకిచ్చి, ప్రతి చెట్టునీ గుండె ఎత్తున చుట్టుకొలత తీసి, కొలిచిన చెట్టుకల్లా సుద్దముక్కతో గీత పెట్టుకుంటూ వచ్చింది. ఆ నోట్‌బుక్కే ఇప్పుడు బ్యాగులో ఉన్నది.

“కంచె పక్క వరస ఒక్కటే లావుగా ఉంది కేదార్. ఒక వైపు ఖాళీ కదా, ఎండా గాలీ వాటికే. ఇరవై తొమ్మిది అంగుళాలు. లోపలికి వెళ్తే ఒకదాన్నొకటి తోసుకుని బతుకుతున్నాయి. పద్నాలుగు అంగుళాలు. అవి దుంగలుగా పోవు, వాసాలకి పోతాయి. చెట్టుకి రెండు వందలొస్తే గొప్ప.”

“నిన్న నాన్నగారికి చెబుతుంటే విన్నాను.”

“కంచె, బోరు, కావలి జీతం అన్నీ వేస్తే పన్నెండేళ్ళలో చెట్టుకి రెండు వందల అరవై పెట్టారు. అంటే లోపలి చెట్లన్నీ నష్టం.”

“విన్నానన్నాను కదా! ఆయన కంచం ముందు నుంచి లేచి వెళ్ళిపోవడం కూడా చూశాను. ఇంకా ఏం చూడాలి నేను? సంతకాలు కానీ. కొట్టాక వచ్చిందే వస్తుంది. మార్కెట్ పడిపోయిందని చెప్పొచ్చు.”

“రాజమ్మకి ఆ మాట నువ్వు చెబుతావా?”

కేదార్ తలగడ ఒళ్ళోకి లాక్కున్నాడు.

“ఏటా జీతంలో కోయించుకుని నలభై చెట్లు రాయించుకుంది ఆవిడ. నీ లెక్కలో ఎనభై వేలు. నా లెక్కలో ఎనిమిది వేలు. ఇవాళ సంతకం పెడితే ఆవిడ ముసలితనానికి మిగిలేది ఆ ఎనిమిది వేలు. ఇప్పుడు సగం చెట్లు తీసేస్తే మిగిలిన సగం ఐదారేళ్ళలో తేరుకుంటాయి. కొట్టేసిన చెట్టుని మళ్ళీ అతికించలేం.”

“నా పేరు పోతుంది భావనా. ఆ మెయిల్ పెట్టింది నేను.”

అతని గొంతులో బింకం పోయింది. భావనకి జాలేసింది. అలా అని బ్యాగు వదల్లేదు.

“తప్పు లెక్క నీదని నేను చెప్పను,” అంది లేస్తూ. “కానీ సరైన లెక్క మాత్రం చదువుతాను.”

---

హాల్లో హనుమత్ప్రసాద్ స్టూలెక్కి గోడకి పటం తగిలిస్తున్నాడు.

నిన్నటి నుంచి ఆయన భావనతో ఒక్క ముక్క మాట్లాడలేదు. కోపమో, బాధో తెలిస్తే కొంత నయంగా ఉండేది. పొద్దున్నే స్నానం చేసి, ఇస్త్రీ చొక్కా వేసుకుని, బీరువా మీద నుంచి పొడుగాటి రేకు గొట్టం దింపి, అందులోంచి పటం గీసిన ట్రేసింగ్ గుడ్డ తీసి దాని ముడతలు సాఫు చేస్తూ కూర్చున్నాడు. ఇన్నేళ్ళలో ఆ గొట్టం మూత తియ్యడం భావన ఎప్పుడూ చూడలేదు.

“పట్టుకోనా మావయ్యగారూ?” అంది.

ఆయన తల అడ్డంగా ఊపాడు. మేకు కొట్టుకుని, స్టూలు దిగి, కళ్ళజోడు తుడుచుకుంటూ బాల్కనీలోకి వెళ్ళిపోయాడు.

భావన పటం ముందు నిలబడింది. అది తోట. ఒక్కో చెట్టుకీ ఒక్కో చుక్క. ప్రతి చుక్క పక్కనా చీమ తలంత అంకె. రెండు వేల నాలుగు వందల చుక్కల్నీ ఆయన చేత్తో పెట్టాడు, ఒక్కటీ వంకర పోలేదు. ఒక్కో యజమానికి ఒక్కో రంగు సిరా. కింద మూల పన్నెండు పేర్లు, పేరు పక్కనే వాళ్ళ రంగు.

తన నోట్‌బుక్‌లో నంబర్లే కానీ పేర్లు లేవు. రాజమ్మ నలభై తప్ప ఏ నంబరు ఎవరిదో భావనకి ఇంతవరకూ తెలియదు, తెలుసుకోవాలని తోచనూ లేదు.

ఇప్పుడు చూసింది. తోట చుట్టూ, నాలుగు వైపులా, ఒకే ఒక్క వరస ఎర్ర చుక్కలు. ఒకటి నుంచి రెండు వందల దాకా. లోపల తక్కిన పదకొండు రంగులూ ఇరుకుగా సర్దుకుని ఉన్నాయి.

ఎర్ర రంగు పక్కన పేరు చదివింది. వరలక్ష్మి.

లాభం వచ్చే చెట్లు తోట మొత్తం మీద రెండు వందలే. ఆ రెండు వందలూ ఈ ఇంటివే. పైగా వాటినే కొలిచి, అందరికీ అంతే వస్తుందని మెయిల్ పెట్టినవాడు ఈ ఇంటి కొడుకు. తెలియనివాళ్ళు చూస్తే ఏమనుకుంటారు? తెలిసినవాళ్ళే అనుకుంటారు.

వంటింట్లోకి పరిగెత్తినంత పని చేసింది.

వరలక్ష్మి బజ్జీల పిండి కలుపుతోంది. పదిహేను మందికి సరిపడా మిరపకాయలు చీల్చి పళ్ళెంలో పెట్టుకుంది.

“అత్తయ్యా, ఆ అంచు చెట్లన్నీ మీవా?”

“నావే. ఏం?”

“అవన్నీ మీకే ఎందుకు రాశారు?”

వరలక్ష్మి పిండి కలపడం ఆపలేదు. “ఇంకెవరూ తీసుకోలేదు కాబట్టి రాశారు. అంచు మొక్కలు మేకలు తింటాయన్నారు, దొంగలు కొట్టుకుపోతారన్నారు, అడవికి నిప్పంటుకుంటే ముందు కాలేవి అవేనన్నారు. మీ మావయ్యగారు ఒక్కొక్కరినీ బతిమాలారు. చివరికి ‘పోనీండి, అంచు మా ఆవిడ పేర రాస్తాను’ అన్నారట. అందరూ చప్పట్లు కొట్టారట.”

“మిమ్మల్ని అడిగే రాశారా?”

“ఇంటికొచ్చి చెప్పారు.”

“మీరేమీ అనలేదా?”

“నాలుగు రోజులు మాట్లాడ్డం మానేశాను. ఆయన గమనించలేదు.”

ఇంకో రోజైతే భావన నవ్వేసేది. ఇప్పుడు నవ్వు రాలేదు. గొంతు తగ్గించి విషయం చెప్పింది. వరలక్ష్మి చెయ్యి పిండిలోనే ఆగిపోయింది.

“అయితే మీ మావయ్యగారికి నిన్ననే తెలుసు,” అంది. “నువ్వు అంచు చెట్లు బలిశాయనగానే ఆయనకి పటం కళ్ళ ముందు ఆడి ఉంటుంది. ఆ గీతలు గీసిన మనిషి కదా. అందుకే అన్నం తినలేదు.”

“ఆరో ఏట చెట్టు విడిచి చెట్టు తీసేసి ఉంటే లోపలివి కూడా ఇలాగే పెరిగేవి అత్తయ్యా. ఎందుకు తియ్యలేదు?”

“నర్సరీ ఆయన వచ్చి చెప్పాడు. మీ మావయ్యగారు మీటింగు పెట్టారు. చెట్లు పల్చన చెయ్యాలి అని అందరూ ఒప్పుకున్నారు. నావి మాత్రం కొట్టొద్దు అని కూడా అందరూ అన్నారు. ఈయన ఎవరి మనసూ కష్టపెట్టలేక ఊరుకున్నారు.”

బయట లిఫ్టు తలుపు తెరుచుకున్న చప్పుడు, ఆ వెనక నవ్వులు.

“అత్తయ్యా, నేను చదవను,” అంది భావన హడావుడిగా. “కేదార్ చెప్పినట్టే చేద్దాం.”

వరలక్ష్మి కోడలి వైపు చూసింది. స్టవ్వు వెలిగించింది.

---

పదిమందీ వచ్చారు. అచ్యుతరావు అందరికంటే ముందు వచ్చి, ఫ్యాను కింద కుర్చీ చూసుకుని కూర్చున్నాడు. ఆఫీసులో ముప్ఫై ఏళ్ళు బిల్లులు పాస్ చేసిన మనిషి. ఏ కాగితమిచ్చినా ముందు వెనక్కి తిప్పి చూస్తాడు. మసాబ్ ట్యాంక్ నుంచి ఆటోలో వచ్చానని, ఆటోవాడు ఇరవై ఎక్కువ గుంజాడని చెప్పుకొచ్చాడు. ఆయన ముఖం ఇవాళ కళకళ్ళాడుతోంది. కేదార్ పంపిన మెయిల్‌ని ప్రింటు తీయించి మడతపెట్టి జేబులో పెట్టుకొచ్చాడు.

రాజమ్మ చివరగా వచ్చింది. కుర్చీ వెయ్యబోతే వద్దని, గుమ్మం పక్కన గోడకి ఆనుకుని కూర్చుంది. భర్త రాజనర్సయ్య పోయాక రెండేళ్ళుగా తోటకి ఆమె ఒక్కతే కావలి.

“బస్సు దొరకలే సారు. జర ఆలస్యమైంది,” అంది.

“ఫరవాలేదు రాజమ్మా,” అన్నాడు హనుమత్ప్రసాద్. నిన్నటి నుంచి ఇంట్లో వినిపించిన ఆయన మొదటి మాట అదే.

బజ్జీలు తిరిగాయి, కాఫీలు తిరిగాయి. అచ్యుతరావు చేతులు తుడుచుకుని, చెట్లు కొట్టడానికి పెట్టుకోవాల్సిన అర్జీని బల్ల మీద పరిచాడు. “ఇంక ఆలస్యం ఎందుకు? ముందు నేను పెడతాను,” అని పెన్ను తీశాడు.

“ఆగండి అచ్యుతరావు గారూ,” అన్నాడు హనుమత్ప్రసాద్. “మా కోడలు ప్రతి చెట్టూ కొలిచింది. అది విన్నాక పెడుదురు గాని. భావనా, చదువమ్మా.”

భావన కేదార్ వైపు చూసింది. కేదార్ నేల వైపు చూస్తున్నాడు.

“మావయ్యగారూ, అది ఇంకా పూర్తి కాలేదు...”

“పూర్తయింది. చదువు.”

ఆ గొంతులో కోపం లేదు. కానీ ఎదురు చెప్పడానికి వీల్లేని గొంతు. భావన బ్యాగు జిప్పు తీసింది. నోట్‌బుక్‌ని బల్లకి ఆనించి పట్టుకుంది.

“ఒకటి నుంచి రెండు వందల వరకు, సగటు చుట్టుకొలత ఇరవై తొమ్మిది అంగుళాలు. ఖర్చులు పోను చెట్టుకి పద్దెనిమిది వందల దాకా మిగులుతుంది.”

“శభాష్!” అన్నారెవరో.

“రెండు వందల ఒకటి నుంచి నాలుగు వందల వరకు, పద్నాలుగున్నర. ఖర్చులు పోను...” ఆగింది. “ఏమీ మిగలదు. చెట్టుకి అరవై రూపాయలు నష్టం.”

తర్వాత వరస. ఆ తర్వాత వరస. అంకెలు మారుతున్నాయి కానీ పద్నాలుగు దాటడం కష్టంగా ఉంది. కాఫీ కప్పులు ఎక్కడివక్కడ ఆగిపోయాయి. చిట్టచివర రాజమ్మ నలభై చెట్లు. పదమూడు అంగుళాలు.

రాజమ్మ ఒక్కతే ఆశ్చర్యపోలేదు. “నాకెరుకే బిడ్డా. టేపు పట్టింది నేనే గద,” అంది మెల్లగా.

అచ్యుతరావు జేబులోంచి మెయిల్ కాగితం తీసి, విప్పి, వెనక్కి తిప్పి, మళ్ళీ ముందుకి తిప్పాడు. “మరి ఈ రెండు వేలు ఎక్కడివండీ?”

“నేను కొలిచినవి...” అంటూ కేదార్ లేచాడు. మొహం నల్లబడింది. “నేను బాట పక్కనున్నవే కొలిచాను అంకుల్. అన్నీ అలాగే ఉంటాయనుకున్నాను. తప్పు నాదే.”

ఆ మాట అతనే అన్నందుకు భావనకి గుండె నిండినట్టయింది. ఆ నిండుదనం ఎంతోసేపు నిలవలేదు. అచ్యుతరావు లేచి పటం దగ్గరికి నడిచాడు.

“ఒకటి నుంచి రెండు వందలు... ఎరుపు.” వేలు కింది మూలకి జారింది. “హనుమత్ప్రసాద్ గారూ, ఇది మీ ఆవిడ గారి పేరు కదండీ.”

మిగతావాళ్ళంతా పటం వైపు ముందుకి వంగారు.

“నేనేమీ అనడం లేదు. ఉన్నది చదువుతున్నాను. పెరిగినవి మీవి, పెరగనివి మావి. కొలిచినవి మీవి, అమ్మకానికి పెట్టినవి మావి.”

“అంచు మొక్కలు వద్దన్నది మీరు కాదూ?” అన్నాడు హనుమత్ప్రసాద్. “మేకలు తింటాయని మొట్టమొదట అన్నది మీరే.”

“అన్నానేమో. పన్నెండేళ్ళనాటి మాట ఎవరికి గుర్తుంటుంది? ఈ పటంలో ఉందా? స్టాంపు కాగితంలో ఉందా?”

హనుమత్ప్రసాద్ మిగిలిన తొమ్మిది మంది వైపూ చూశాడు. చప్పట్లు కొట్టిన చేతులే అవి. ఒకాయన కళ్ళజోడు సర్దుకున్నాడు, ఇంకొకాయన గోడ గడియారం చూశాడు. భావనకి వాళ్ళ మీద అసహ్యం పుట్టింది. చదివింది తను కాబట్టి తన మీద అంతకంటే ఎక్కువ పుట్టింది.

“సరే,” అన్నాడు హనుమత్ప్రసాద్. “ఎవరి చెట్టు వారిదన్న షరతు తీసేద్దాం. అంచు చెట్ల మీద వచ్చేది కూడా అందరికీ సమానంగా పంచుతాను. నా మాట.”

పదిమంది ముఖాల్లోనూ కాస్త రంగు వచ్చింది.

“నేను పంచను.”

వంటింటి గుమ్మంలో వరలక్ష్మి నిలబడి ఉంది. చేతులకి ఇంకా పిండి ఉంది.

“వరలక్ష్మీ!”

“ఇప్పుడు పంచితే దొంగసొమ్ము తిరిగిచ్చినట్టు ఉంటుందండీ. మీరు ఎవరి దగ్గరా దొంగిలించలేదు. వద్దని విసిరి పారేసినవి మీరు ఏరుకున్నారు, అవి బాగుపడ్డాయి. దానికి నేను తలొంచుకోను. వీళ్ళలో ఒక్కరు, ఒక్కరంటే ఒక్కరు, ఆ రోజు జరిగింది ఇదీ అని చెప్పమనండి. అప్పుడు ఆలోచిస్తాను.”

ఆవిడ అంతసేపు మాట్లాడడం ఆ పదిమందిలో ఎవరూ ఎన్నడూ వినలేదు. ఆమాటకొస్తే భావన కూడా వినలేదు. నలుగురు ఐదుగురు తలలు దించుకున్నారు. చెప్పినవాడు లేడు.

“అయితే మాట్లాడ్డానికేముందండీ?” అచ్యుతరావు మళ్ళీ కుర్చీలో కూర్చున్నాడు. “నష్టమో కష్టమో కొట్టించేసుకుని వదిలించుకుందాం. ఎవరివి వాళ్ళకి. ఇలాంటి పొత్తు ఇంకా ఎన్నాళ్ళు?” అర్జీ మీద కసిగా సంతకం పెట్టాడు. కాగితం ఒక్కొక్కరి చేతికీ వెళ్ళింది. ఎవరూ మళ్ళీ చదవలేదు, పెట్టేశారు. పది సంతకాలయ్యాయి.

కాగితం రాజమ్మ దగ్గరికి వచ్చింది. వేలిముద్ర కోసం ఎవరో ఇంకు ప్యాడ్ తెరిచి పట్టుకున్నారు.

రాజమ్మ ప్యాడ్ వైపు చూడలేదు. “బిడ్డా,” అంది భావనతో. “అందరు ఏస్తనే గొట్టాలన్నట్టా? నా ఏలు సుత పడాల్నా?”

“పడాలి రాజమ్మా. పన్నెండు మందీ పెట్టాలి.”

“అయితె నేను ఎయ్య.”

అచ్యుతరావు ఉలిక్కిపడ్డాడు. “నీకున్నవే నలభై...”

“నలభయే సారు. గా నలభై కోసం పస్తులున్న దినాలు నాకెరుక. మీరు సాలుకొక్కపారి కార్లల్ల వచ్చి చెట్ల కింద కూసొని తిని పోయిండ్రు. మా ఆయన పానం బాగలేకున్నా ఎండల బకెట్లతోని నీళ్ళు మోసిండు. గిప్పుడు వాసాలకు గొట్టిస్తరా?” ఆమె గొంతు పెంచలేదు. పెంచాల్సిన అవసరం రాలేదు. “నడుమ చెట్లు పల్చగ జేయుండ్రి. సగం గొట్టుండ్రి, సగం ఉంచుండ్రి. ఇంకో ఆరేండ్లు కావలి నేను గాస్త. ముందుగాల నాయి ఇరవై గొట్టుండ్రి. రాసుకో బిడ్డా.”

కింద రోడ్డు మీద అమీర్‌పేట వైపు పోతున్న బస్సుల హారన్లు పైకి వినిపిస్తున్నాయి.

భావన నోట్‌బుక్‌లో కొత్త పేజీ తిప్పి రాసింది. రాజమ్మ, ఇరవై. కళ్ళెత్తి, “తర్వాత ఎవరివి రాయమంటారు?” అని అడిగింది.

ఒకాయన పక్కాయన వైపు చూశాడు. పక్కాయన ఆ పక్కాయన వైపు చూశాడు. అచ్యుతరావు పెన్ను మూత పెడుతున్నాడు, తీస్తున్నాడు.

భావనకి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. పది మంది చదువుకున్నవాళ్ళ మధ్య వేలిముద్ర మనిషి పేరు ఒక్కటే పేజీ మీద ఉండిపోయింది.

“నావి రాయమ్మా,” అంటూ లేచాడు హనుమత్ప్రసాద్. “సగం కాదు, ఎన్ని తియ్యాలంటే అన్ని తియ్యండి. నావన్నీ రాసుకో.”

భావన పెన్ను కాగితం మీద ఆనింది కానీ కదల్లేదు. ఏ నంబర్లు రాయాలి? పటం కింది మూలనున్న పన్నెండు పేర్లూ ఆమె మధ్యాహ్నమే చదివింది. ఆ మాట ఎలా చెప్పాలో తెలియలేదు.

అచ్యుతరావు చెప్పేశాడు. “మీ పేరన ఒక్క చెట్టూ లేదు కదండీ. దేన్ని రాయమంటారు?”

హనుమత్ప్రసాద్ పటం వైపు తిరిగాడు. చుక్క చుక్కా తన చేత్తో పెట్టిన ఆ పటాన్ని ఆ మూల నుంచి ఈ మూలకి చూశాడు. ఊళ్ళోవాళ్ళందరికీ పంచి, మిగిలింది భార్య పేర రాసి, తన పేరు రాసుకోవడమే మర్చిపోయిన మనిషి. ఆయన నెమ్మదిగా వంటింటి వైపు చూశాడు.

“అలా చూడకండి,” అంది వరలక్ష్మి. ఆవిడ కళ్ళు దించుకోలేదు. “నా చెట్లు కావాలంటే నోరు తెరిచి అడగండి. ఇక్కడే, వీళ్ళందరి ముందూ అడగండి.”

హనుమత్ప్రసాద్ పెదవులు కదిలాయి. ముప్ఫై నాలుగేళ్ళ కాపురంలో ఆయన ఆవిడని ఏదీ అడిగి ఎరగడు.